ఫ్లాస్కు అడుగున

ఏటా బడి మూసిన రోజున నా పని ఆగుతుంది, నా భార్య పని మొదలవుతుంది. నేను సుద్దముక్కల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసి వస్తే, ఆమె మర్నాడు పొద్దున్నే క్యారియర్ సర్దుకుని కుట్టు షెడ్డుకి బయలుదేరేది. బడులు మళ్ళీ తెరిచేలోగా పిల్లలందరికీ యూనిఫాం చొక్కాలు తయారుకావాలి. మా బడి చొక్కాలు కూడా అక్కడే కుడతారు.

"ఇక ఇల్లు మీది మాస్టారూ," అంది ఆ వేసవి మొదటిరోజున, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. "పొయ్యి మీద గిన్నె పెట్టి పుస్తకం పట్టుకోకండి."

"వాడికి నేనున్నాలే. నువ్వెళ్ళు," అంది మా అమ్మ మంచం మీంచి.

"మీరున్నారనే నా భయం అత్తయ్యా. ఇద్దరూ కబుర్లలో పడితే మిగిలేది మాడిన గిన్నే."

ఆమెకి నా పేరుతో పనిలేదు. పెళ్ళయిన కొత్తలో వేళాకోళానికి మాస్టారూ అంది, అదే ఉండిపోయింది.

షెడ్డుకి రేకుల కప్పు. లోపల ఒకే వరసలో కుట్టు మిషన్లు. చొక్కా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి జరుగుతూ పోతుంది. ఒకరు భుజాలు కలుపుతారు, ఒకరు కాలరు, ఒకరు చేతులు, ఒకరు కాజాలు, ఒకరు గుండీలు. ఆ వరసని వాళ్ళు లైను అంటారు. లైను చివర ఇస్త్రీ బల్ల. అది నా భార్యది. అందరూ కూర్చుని చేసేవాళ్ళే, ఆమె ఒక్కతే నిలబడి చేసేది. ఆ బల్ల దాటితే చొక్కా అట్టపెట్టెలోకి పోతుంది కాబట్టి, లైనులో ఎవరు చేసిన తప్పయినా ఆమె కంటపడాలి. మడత పెట్టే ముందు ప్రతి చొక్కాకీ పై గుండీ పెట్టేది. అలా పెట్టమని ఎవరూ చెప్పలేదు. పెట్టెలో కాలరు నలగకుండా ఉంటుందని ఆమే అలవాటు చేసుకుంది.

ఒకరోజు క్యారియర్ మరిచిపోతే పట్టుకెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి కాలర్లు కుట్టే ఆవిడ గట్టిగా అంది:

"ఒసేవ్, మాస్టారొచ్చారు! లేచి నిలబడండే!"

లైను మొత్తం లేచి నిలబడింది. అలవాటు కొద్దీ "కూర్చోండి, కూర్చోండి" అన్నాను. ఇక వాళ్ళ నవ్వు ఆగలేదు. నా భార్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, పైట చెంగుతో మొహం తుడుచుకుంటూ, "ఇంట్లో కూడా ఇంతే. నేను లేస్తే కూర్చోమంటారు, కూర్చుంటే పనేం లేదా అంటారు," అంది.

"నేనెప్పుడన్నాను?"

"అనకండి మరి."

కాలర్లు కుట్టే ఆవిడే అక్కడ అందరికీ పెద్దక్క. వయసులోనూ గొంతులోనూ పెద్దదే. ఇంటి దగ్గర పాలు లేని కాఫీ కాచి పెద్ద స్టీలు ఫ్లాస్కు నిండా తెచ్చేది. నేనున్నప్పుడే కాఫీ వేళయింది. పెద్దక్క ఫ్లాస్కు చంకలో పెట్టుకుని మొదటి మిషను నుంచి గ్లాసుల్లో పోసుకుంటూ వచ్చింది. గుండీల పిల్ల ఇంకాస్త అడిగింది.

"ఆ అడుగుది ఇస్త్రీదానిది. ముట్టుకోకు," అంది పెద్దక్క. "నువ్వు కూర్చుని కుడతావు. అది ఆ సెగలో నిలబడి చస్తోంది. నిలబడే మనిషికి చిక్కనిది పడాలి."

అది అక్కడి పద్ధతి. అడుగున మిగిలిందంతా ఇస్త్రీ బల్లకి. నా భార్య ఫ్లాస్కు బోర్లించి, అడుగున అరచేత్తో రెండు దెబ్బలు వేసి, ఉన్నదంతా గ్లాసులోకి దించుకుంది. కళ్ళు మూసుకుని తాగింది. తాగి నాకేసి మొహం చిట్లించింది.

"చేదు. మీరు తాగితే బడి తెరిచేదాకా నిద్రపోరు."

చివర తాగినవాళ్ళు ఫ్లాస్కు కడగాలి. అదీ పద్ధతే. అందుకని ఫ్లాస్కు రోజూ మా ఇంటికి వచ్చేది, నేను కడిగేవాణ్ణి. పెద్దక్క పొద్దున్నే వచ్చి పట్టుకుపోయేది. ఒక సాయంత్రం కడుగుతుంటే అడుగున తెల్లగా ఏదో మెత్తగా తగిలింది. సుద్దముక్క నీళ్ళలో నానితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఇదేమిటి, సున్నంలా?"

"బిళ్లలండీ. తలనొప్పి బిళ్లలు. ఎవరి బిళ్ల వాళ్ళం గేటు దగ్గర అందులో వేసేసి లోపలికి పోతాం. మధ్యాహ్నం కాఫీలో మళ్ళీ ఒకటి."

"మింగచ్చుగా?"

"ఎవరి ముందు మింగాలి? మేనేజరుగారు చూశాడంటే, అయ్యో ఒంట్లో బాగాలేదా తల్లీ, ఇంటికెళ్ళి పడుకో అంటాడు. పడుకుని మర్నాడు వెళ్తే మన మిషను మీద ఇంకొకరుంటారు. ఆయన జాలికి భయపడి చస్తున్నాం."

"రోజూ వేసుకోవాలా?"

"పూటకి ఒకటేగా. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు మీరు వేసుకోరూ?"

వేసుకుంటాను. ఆ మాట అక్కడితో అయిపోయింది.

ఎండలు ముదిరాయి. రేకుల కింద మనుషులు ఉడికిపోయారు. ఇంకో రెండు బళ్ళ చొక్కాలు కూడా ఆ షెడ్డుకే వచ్చిపడ్డాయి. ఇంటికి రాగానే నా భార్య లైనులో వాళ్ళని అనుకరించి చూపించేది. అది మా అమ్మకి నాటకం కంటే ఎక్కువ.

"ఇవాళ పెద్దక్క తీర్పు చెప్పింది అత్తయ్యా. బిళ్లల్లో పిండి కలుపుతున్నారట. లేకపోతే ఇంతమందికి నొప్పి తగ్గకుండా ఎలా ఉంటుంది? గుండీల పిల్లయితే తల పట్టుకుని ఏడ్చింది. రేపట్నుంచి తలా రెండు."

"నీకు తగ్గుతోందా?" అన్నాను.

"నాకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. చెయ్యి ఆపుదామన్నా ఆగట్లేదు. ఇవాళ మేనేజరుగారు, నీకేమైనా మోటారు బిగించారా అన్నాడు."

నిజంగానే ఆమె చెయ్యి ఆగేది కాదు. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. పడుకుని కూడా దుప్పటి మీద అరచెయ్యి అటూ ఇటూ నడిపిస్తుంటే, "ఈ అమ్మాయి ఇంట్లో కూడా ఇస్త్రీ మానదేం!" అనేది మా అమ్మ. గుండె దడగా ఉందని ఒకసారి అంది. ఎండ అన్నాను. ఎండే అంది.

ఆ తర్వాత కాళ్ళు మొదలయ్యాయి. తొడలు బండలా గట్టిపడ్డాయి. అమ్మ నూనె రాసి మర్దన చేస్తే పళ్ళు బిగపట్టి ఓర్చుకునేది. నిలబడే పని, కాళ్ళు పట్టెయ్యవూ అనుకున్నాం అందరం. నొప్పికి వాళ్ళ దగ్గరున్న మందు ఫ్లాస్కే. లైనులో ఎవరి గ్లాసులోనైనా కాస్త తగ్గించి పెద్దక్క ఆమెకి మిగిల్చేది.

ఒకరోజు భోజనాల దగ్గర నవ్వు ఆపుకుంటూ అమ్మ చెవిలో ఏదో చెప్పింది. అమ్మ నోట్లో ముద్ద బయటికి వచ్చినంత పనయింది.

"ఏమిటి, నాకూ చెప్పండి," అన్నాను.

"మీకు చెప్పేది కాదు."

"చెప్పవే, వాడేం పరాయివాడా?" అంది అమ్మ.

"పొద్దున బాత్రూముకి వెళ్తే కాఫీ రంగులో వచ్చిందండీ. అచ్చం కాఫీ. భయపడి పెద్దక్కకి చెప్పాను. తాగిందే కదే పోయేది, పాలు పోసుకు తాగు, తెల్లగా వస్తుంది అంది. లైనంతా మిషన్లు ఆపేసి నవ్వారు. మేనేజరుగారు పరిగెత్తుకొచ్చాడు, కరెంటు పోయిందేమోనని!"

కంచంలోకి చూస్తూ నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినబడుతుంది. మా ముగ్గురిలో నాది కాస్త చిన్న నవ్వు.

బడి తెరవడానికి ఎంతో దూరం లేదు. మా బడి చొక్కాల్లో పై తరగతుల పెట్టెలు మాత్రమే మిగిలాయని ఆమె పొద్దున చెప్పి వెళ్ళింది. మధ్యాహ్నానికే ఆటో ఇంటి ముందు ఆగింది. పెద్దక్క దిగి, ఆమెని రెండు చేతులతో పట్టుకుని దింపింది. షెడ్డు గుమ్మం ఎక్కబోతే కాలు లేవలేదట. రెండో కాలూ లేవలేదట. ఇంత జరిగినా ఫ్లాస్కు ఆమె చేతిలోనే ఉంది.

"నా వంతు తాగనూ లేదు, కడగనూ లేదు," అంటూ నాకిచ్చింది. "నీళ్ళు పోసి ఉంచండి, వాసనొస్తుంది."

నేను దాన్ని అలాగే కిటికీలో పెట్టి, అమ్మని కూడా ఎక్కించుకుని అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరు చిన్నమ్మాయి. మా బడిలో చదివిన పిల్లల వయసు. తొడ మీద వేలితో నొక్కి చూసింది. మూత్రం సీసా వెలుగులో పెట్టి చూసింది. రక్తం పరీక్షకి పంపింది. కాగితాలు వచ్చాక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఏం బిళ్లలు వేసుకున్నావమ్మా?"

"తలనొప్పివి. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు."

"ఇంకా?"

"అంతే."

"సరిగ్గా చెప్పు. నేను తిట్టను."

"అంతేనమ్మా. కాఫీలో వేసుకుని తాగుతాం."

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచింది. ఒంట్లో కండ కరిగిపోతోందని చెప్పింది. కరిగిన కండ రక్తంలో కలిసి మూత్రపిండాలకి అడ్డుపడుతోందట. ఆ రంగు కాఫీది కాదు, కండది. ఆ బిళ్లల్లో నొప్పి మందుతో పాటు కాఫీలో ఉండే కెఫీన్ కూడా కలిపే ఉంటుందట. ఒక మోతాదు దాటితే రెండూ కలిసి ఇలా చేస్తాయట. నేను ఎన్నో తరగతుల్లో కరగడం అనే మాటకి మంచుగడ్డనీ కొవ్వొత్తినీ ఉదాహరణగా చెప్పాను.

"నాలుగు బిళ్లలకి ఇలా కాదు మాస్టారుగారూ," అంది. గొంతు తగ్గించింది. "ఇంట్లో ఏమైనా గొడవలా? ఆవిడ దేనికైనా బాధపడుతోందా?"

"లేదండీ."

"ఇలాంటివి ఇంట్లోవాళ్ళు దాస్తారు. దాస్తే నష్టం ఆవిడకే."

లోపలికి వెళ్ళేసరికి నా భార్య తలుపు వైపే చూస్తోంది. వరండాలో మాట వార్డులోకి వినబడుతుంది.

"నేను కావాలని మింగాననుకుంటోందా?"

"అడిగిందంతే."

"నేను చావాలనుకోలేదని చెప్పండి మాస్టారూ. మీరు చెబితే నమ్ముతుంది. మీకు మాటలు వచ్చుగా."

అమ్మని ఆమె పక్కన కూర్చోబెట్టి మళ్ళీ ఆ ఆటోలోనే ఇంటికి వెళ్ళాను. బట్టలూ దుప్పటీ తీసుకుంటుంటే కిటికీలో ఫ్లాస్కు కనబడింది. మూత తీసి వంచాను. అడుగున ఒక వేలు మందం తెల్లటి బురద. కాఫీ దాని మీద పలచగా తేలుతోంది.

ఎక్కువసేపు ఆలోచించాల్సిన పనిలేకపోయింది. లైనంతా బిళ్లలు వేస్తారు. ఎవరూ కలపరు. పై కాఫీ ముందున్న మిషన్లకి పోతుంది. వాళ్ళకి బిళ్ల అందదు, నొప్పి తగ్గదు, బిళ్లలు పెంచుతారు. పెంచినవన్నీ కిందికి దిగి, నిలబడే మనిషి కోసం కాచుకుని ఉంటాయి.

ఫ్లాస్కు పట్టుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆమె చెంచాతో అడుగు గీకి ఒక గాజు పళ్ళెంలో వేసింది.

"ఇది ఎవరెవరిది?"

"లైను మొత్తానిది."

"తాగింది?"

"మా ఆవిడ."

డాక్టరు అంతకుముందు కాగితం మీద రాసినదాంట్లో ఒక ముక్క కొట్టేసి, పక్కన వేరేది రాసింది.

"చెప్పాను," అన్నాను నా భార్యతో.

"నమ్మిందా?"

"నమ్మింది."

"ఏం చెప్పారు?"

చెప్పాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ విన్నది. మొహం బాగా ఉబ్బింది, కళ్ళు చిన్నవైపోయాయి. మూత్రం రావడం అప్పటికే ఆగిపోయింది. మిషను పెట్టి రక్తం శుభ్రం చెయ్యాలన్నారు.

"పెద్దక్కకి మాత్రం చెప్పకండి," అంది. "నాకోసమని మిగిల్చింది పాపం. తట్టుకోలేదు."

"సరే."

"సరే అనడం కాదు. మాటివ్వండి."

ఇచ్చాను. ఆమెతో నేను ఆడిన చివరి నిండు మాట అదే. రక్తం శుభ్రం చేసే మిషను దగ్గరికి తీసుకెళ్తుంటే దారిలోనే గుండె ఆగింది. కండ కరిగితే గుండెకి కూడా అంత ప్రమాదమని తర్వాత చెప్పారు. నేను మంచం పక్కనే నడుస్తున్నాను. చక్రాలు ఆగాయి కాబట్టి నేనూ ఆగాను.

వీధి మాత్రం డాక్టరులా కొట్టేసి మళ్ళీ రాయలేదు. బిళ్లలు మింగిందట అన్నారు. అంతవరకు అబద్ధం కాదు. మిగతాది వాళ్ళే పూర్తిచేసుకున్నారు. పలకరించడానికి వచ్చిన ఒకావిడ, "నీ కోడలికి ఏం లోటు చేశారమ్మా?" అంటే, మా అమ్మ లేచి గుమ్మం చూపించింది. అమ్మ అంతకుముందు ఎవరినీ అలా పంపించలేదు. ఆ తర్వాత మాట్లాడటం తగ్గించేసింది.

మేనేజరు వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

"ఒంట్లో బాగాలేదని ఒక్క మాట చెప్పుంటే ఇంటికి పంపించేసేవాణ్ణి కదండీ," అన్నాడు.

"తెలుసండీ," అన్నాను. "ఆమెకీ తెలుసు."

ఇస్త్రీ బల్ల దగ్గరికి గుండీల పిల్లని మార్చారని అతనే చెప్పాడు. పనికొస్తుందట. కాస్త నెమ్మదట.

ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను. ఇచ్చిన మాట ఒకపక్క, ఆ పిల్ల ఒకపక్క. పెద్దక్క పేరు రాకుండా, అడుగు అనే ముక్క రాకుండా, ఆ కాఫీ మానెయ్యమని ఎలా చెప్పాలో దారి పొడుగునా వాక్యాలు కట్టుకున్నాను. పిల్లల వ్యాసాల్లో ఎర్రసిరాతో కొట్టేసినట్టు ఒక్కొక్కటీ కొట్టేసుకున్నాను. షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి రెండు మిగిలాయి.

ఈసారి ఎవరూ లేచి నిలబడలేదు. మిషన్లు మాత్రం ఒక్కొక్కటిగా ఆగాయి. గుండీల పిల్ల ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. పెద్దక్క లేచి వచ్చి నన్ను గోడ పక్కకి తీసుకెళ్ళింది. ఆవిడ గొంతు ఇంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు.

"ఫ్లాస్కు కోసం వచ్చారా మాస్టారూ?"

ఆసుపత్రి నుంచి ఆ ఫ్లాస్కు మళ్ళీ మా ఇంటికి రాలేదు. లైను దగ్గర బెంచీ మీద కొత్తది ఉంది. దాని పక్కన పొడుగాటి చెంచా.

"ఆ చెంచా ఏమిటి?" అన్నాను. నేను కట్టుకెళ్ళిన రెండు వాక్యాల్లో ఇది లేదు.

"కలుపుతున్నాను," అంది. "ప్రతి గ్లాసుకీ ముందు అడుగుదాకా పెట్టి కలిపి పోస్తున్నాను. మీరు ఆ రోజు ఫ్లాస్కు తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించారని ఆటోవాడు చెప్పాడు. నాకు అప్పుడే తెలిసింది. నేను కాచిందే కదా, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?"

"మానెయ్యకూడదా?"

"ఎవరం మానాలి మాస్టారూ? చేతులు కుట్టే ఆవిడా? కాజాల ఆవిడా? తల పగిలిపోతున్నా కుట్టాలి, మందు కనబడకూడదు. బళ్ళు తెరిచే రోజుకి చొక్కాలు అందాలి. మీ బడివి కూడా. ఇప్పుడు అందరికీ సమానంగా వస్తోంది. అందరికీ నొప్పి తగ్గుతోంది. మళ్ళీ తలా ఒకటికి తగ్గించాం," అంది. అది నాకు ఊరట ఇస్తుందని ఆవిడ అనుకున్నట్టుంది.

నేను వెనక్కి తిరిగాను. ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ముందే కలిపుంటే బతికేదా?"

ఇచ్చిన మాట ఇక కాపాడటానికి ఏమీ లేదు. అయినా అబద్ధం ఆడదామని చూశాను. ఆడలేకపోయాను.

"మీరు ఆమెకి చిక్కనిది ఉంచారు," అన్నాను. "ఆమెకి తెలుసు."

పెద్దక్క నా చెయ్యి వదిలేసింది. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి.

బడి అనుకున్న రోజునే తెరిచారు. పిల్లలు ఎండలో వరసలు కట్టారు. కొత్త చొక్కాల గంజి వాసన మైదానమంతా ఉంది. చొక్కాలు వేళకి అందించిన షెడ్డువారిని ప్రధానోపాధ్యాయుడు మెచ్చుకున్నాడు. ఇస్త్రీ ఎంత చక్కగా ఉందో చూడమని నా భుజం తట్టి, తట్టాక గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు.

చిన్న తరగతుల పెట్టెలు ముందు పూర్తయ్యాయి, పెద్ద తరగతులవి చివర. వరసల మధ్య నడుస్తూ చూశాను. చిన్నపిల్లలందరి మెడ దగ్గరా పై గుండీ పెట్టి ఉంది. పెట్టెలోంచి తీసి అలాగే తల దూర్చి వేసుకున్నారు. ఆరో తరగతి వరస మధ్య వరకూ అలాగే ఉంది. ఆ తర్వాత అందరివీ తెరిచే ఉన్నాయి.

ఆరో తరగతిలో ఒక పిల్ల మెడ దగ్గర వేళ్ళు పెట్టి పెనుగులాడుతోంది. కాజా కొత్తది, గుండీ జారడం లేదు. చెమటకి మొహం ఎర్రబడింది.

"సార్, ఊపిరాడట్లేదు. ఎవరు పెట్టారు సార్ ఇంత బిగించి?"

మోకాళ్ళ మీద కూర్చుని విప్పాను. నా చేతులు కాస్త ఆలస్యం చేశాయి.

"కాలరు నలగకూడదని పెట్టారమ్మా," అన్నాను.